దీవికి ఆలస్యంగా చేరే చట్టం

గ్వాడెలూప్ దీవిలో పెరట్లో కూరగాయలు పండించుకునే కుటుంబం ముందుగా తమ మట్టిని పరీక్షకు ఇచ్చుకోవచ్చు. ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ఫలితం వచ్చాక ఆ నేలలో చామగడ్డ, కంద, మోరంగడ్డ వేయవచ్చో లేదో, కోళ్ళను దాని మీద వదలవచ్చో లేదో అధికారులు చెబుతారు. చెట్టు మీద కాసే పండ్లకు పెద్దగా భయం లేదు. మట్టిలో ఊరే దుంపలకే ముప్పు. ఆ మట్టిలో ఉన్నది క్లోర్డెకోన్ అనే పురుగుమందు. అరటి తోటల్లో దాని వాడకం ఆగిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. నేల మాత్రం దాన్ని ఇంకా వదల్లేదు.

పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం చుట్టూ బతికే వాళ్ళకు ఇది పరాయి కథ అనిపించదు. బోరు నీళ్ళు రంగు మారడం, చెరువులో చేపలు చచ్చి తేలడం, పాలిచ్చే గేదెలు చూలు నిలపలేకపోవడం ఈ ప్రాంతపు రైతులు దశాబ్దాలుగా చెప్పుకుంటున్న బాధలే. గ్వాడెలూప్ మాత్రం భూగోళానికి అవతల, కరీబియన్ సముద్రపు అంచున ఉంది. అక్కడి నేలకు ఈ గతి ఎలా పట్టిందో అర్థం కావాలంటే నాలుగు వందల ఏళ్ళ కథ తెలియాలి. ఆ కథలో మద్రాసు తీరం నుంచి, తెలుగు జిల్లాల నుంచి ఓడెక్కిన వాళ్ళ అధ్యాయం కూడా ఉంది.

పటంలో చూస్తే గ్వాడెలూప్ రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కనిపిస్తుంది. పడమటి రెక్క బాస్-తెర్. అది అగ్నిపర్వతపు నేల. దాని మీద 1,467 మీటర్ల ఎత్తున ల సూఫ్రియేర్ ఇప్పటికీ పొగలు చిమ్ముతుంది. తూర్పు రెక్క గ్రాండ్-తెర్ సున్నపురాయి మైదానం, చెరుకుకు అనువైనది. రెండింటి మధ్య సన్నని ఉప్పునీటి పాయ పారుతుంది. చుట్టూ ఉన్న చిన్న దీవులను కలుపుకున్నా విస్తీర్ణం 1,628 చదరపు కిలోమీటర్లు, అంటే సంగారెడ్డి జిల్లాలో సగం కూడా కాదు. జనాభా నాలుగు లక్షల లోపే. పారిస్ నుంచి ఆరున్నర వేల కిలోమీటర్ల పైన ఉన్నా ఇది నేటికీ ఫ్రాన్సులో భాగమే. అక్కడ చెల్లేది యూరో, ఓటు వేసేది ఫ్రెంచి పార్లమెంటుకు.

ఆ నేలకు మొదటి హక్కుదారులు కలినాగోలు. 1493 నవంబరులో కొలంబస్ తన రెండో ప్రయాణంలో అక్కడ దిగి, స్పెయిన్‌లోని ఒక మేరీమాత మఠం పేరు దీవికి పెట్టాడు. స్పెయిన్ వాళ్ళు అక్కడ నిలదొక్కుకోలేదు. 1635లో లోలీవ్, దు ప్లెసీ అనే ఇద్దరు ఫ్రెంచి నాయకులు వలస స్థాపించారు. వెంటనే కలినాగోల మీద యుద్ధం మొదలైంది. పాతికేళ్ళు తిరిగేసరికి, 1660లో ఒక ఒప్పందం రాసి మిగిలిన వాళ్ళను డొమినికా, సెయింట్ విన్సెంట్ దీవులకు నెట్టేశారు.

ఖాళీ అయిన నేలలోకి చెరుకు వచ్చింది.

జహీరాబాద్ చెరుకు రైతుకు ఇక్కడ వివరించి చెప్పాల్సిన పని లేదు. కొట్టిన చెరుకు ఒకటి రెండు రోజుల్లో గానుగ చేరకపోతే తీపి దిగిపోతుంది. పొలం, గానుగ, రసం మరగబెట్టే కాగులు అన్నీ ఒకే గడియారానికి నడవాలి. అందుకే చెరుకు దీవులు యూరప్‌లో పెద్ద కర్మాగారాలు పుట్టకముందే కర్మాగారాలయ్యాయి. కోత కాలంలో రాత్రీ పగలూ వంతులు, కొలిచిన పని, కొరడా పట్టుకున్న మేస్త్రీ. పనివాళ్ళంతా ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. 1685లో ఫ్రెంచి రాజు జారీ చేసిన ‘నల్ల స్మృతి’ వాళ్ళను చరాస్తులుగా లెక్కగట్టింది. పారిపోయిన వాడికి మొదటిసారి చెవులు కోయాలి, మూడోసారి ప్రాణం తీయాలి. ఇది అడవి న్యాయం కాదు, రాజముద్ర పడిన చట్టం.

ఆ చెరుకు విలువ ఎంతటిదో 1763లో తేలింది. ఏడేళ్ళ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు కెనడానూ గ్వాడెలూప్‌నూ ఆక్రమించారు. పారిస్ సంధిలో ఫ్రాన్స్ కెనడాను వదులుకుని గ్వాడెలూప్, మార్టినిక్ దీవులను తిరిగి తీసుకుంది. ఒక మహాఖండంలో సగం పోయినా సరే, చక్కెర పండే రెండు చిన్న దీవులు చాలనుకుంది.

ఇక ఈ దీవి చరిత్రలో ఎవరూ తొందరపడి దాటిపోకూడని ఘట్టం 1794లో మొదలవుతుంది. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ఆ ఏడాది ఫిబ్రవరి 4న బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ ఉత్తర్వును వెంటబెట్టుకుని విక్టర్ యూగ్ అనే ప్రతినిధి దీవికి చేరి, విముక్తులైన వాళ్ళను సైన్యంలో చేర్చుకుని బ్రిటిష్ వాళ్ళను తరిమేశాడు. జీతానికి పని చేయడం, తుపాకీ పట్టడం, అధికారి హోదా అందుకోవడం నల్లవాళ్ళకు ఎనిమిదేళ్ళ పాటు నిజమయ్యాయి. 1802లో నెపోలియన్ పంపిన జనరల్ రిష్‌పాన్స్ సేనతో దిగి, పాత రోజులు తిరిగి తెచ్చే పని మొదలుపెట్టాడు. నల్ల సైనికుల ఆయుధాలు లాగేసుకుంటున్నారని తెలిసి లూయీ డెల్‌గ్రేస్ ఎదురు తిరిగాడు. ఆయన మార్టినిక్‌లో పుట్టిన మిశ్రమ జాతి వాడు, ఫ్రెంచి సైన్యంలోనే అధికారి. మే 10న ప్రపంచాన్ని ఉద్దేశించి ఒక ప్రకటన వెలువరించాడు. మే 28న అగ్నిపర్వతపు వాలులోని మతూబాలో శత్రువు చుట్టుముట్టాక, దాదాపు మూడు వందల మంది అనుచరులతో కలిసి మందుగుండు పేల్చుకుని ప్రాణాలు వదిలాడు. తిరుగుబాటులో పాల్గొన్న సొలిటూడ్ అనే గర్భిణిని కాన్పు అయ్యేదాకా ఆపి ఆ నవంబరులో ఉరితీశారని దీవిలో చెప్పుకుంటారు. బానిసత్వం తిరిగి వచ్చింది. ఒకసారి ఇచ్చిన స్వేచ్ఛను చట్టం చేసి వెనక్కి లాక్కున్న చోటు ఇది. దీవివాసులు పారిస్ మాటను నేటికీ అనుమానంతో వినడానికి మూలం ఇక్కడుంది. డెల్‌గ్రేస్ పేరు పారిస్‌లోని జాతీయ స్మారక మందిరం పాంథియాన్‌లో చెక్కడానికి 1998 దాకా ఆగాల్సి వచ్చింది.

రెండోసారి విముక్తి 1848లో వచ్చింది. బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు విక్టర్ షెల్షేర్ కృషితో ఏప్రిల్ 27న పారిస్‌లో ఉత్తర్వు వెలువడితే, మే 27న గ్వాడెలూప్‌లో అమలైంది. సుమారు 87 వేల మంది స్వేచ్ఛ పొందారు. మరుసటి ఏడాది నష్టపరిహారం చట్టం కూడా చేశారు. ఆ డబ్బు తరతరాలుగా చాకిరీ చేసిన వాళ్ళకు అందలేదు, ఆస్తి పోయిందని మొరపెట్టుకున్న యజమానులకు అందింది.

స్వేచ్ఛ పొందిన వాళ్ళు చెరుకు తోటల నుంచి కొండ వాలులకు వెళ్ళి సొంతంగా దుంపలు, కూరగాయలు వేసుకున్నారు. తోటల యజమానులకు చవక చేతులు కావాలి. అప్పుడు వాళ్ళ చూపు భారతదేశం మీద పడింది.

1854 డిసెంబరు 24న ‘ఒరేలీ’ అనే ఓడ మూడు వందల మందికి పైగా భారతీయులతో పోయింతాపిత్ర్ రేవుకు చేరింది. 1889 దాకా సుమారు 42 వేల మంది అలా వచ్చారు. పాండిచ్చేరి, కారైకాల్ నుంచి ఓడెక్కిన వాళ్ళే ఎక్కువ కాబట్టి అధిక సంఖ్య తమిళులది. వాళ్ళ మధ్య తెలుగువాళ్ళున్నారు, కలకత్తా నుంచి వచ్చిన ఉత్తరాది వాళ్ళూ ఉన్నారు. గోదావరి ఒడ్డున యానాం అప్పుడు ఫ్రెంచి వాళ్ళదే. 1861లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందం చేసుకున్నాక మద్రాసు, కలకత్తా వంటి బ్రిటిష్ రేవుల్లోనూ ఫ్రెంచి ఏజెంట్లు కూలీలను చేర్చుకున్నారు. 1866 కరువు, 1876-78 నాటి మహా కరువు, మగ్గం కూలిపోయిన నేత పల్లెలు ఏజెంట్ల పనిని సులువు చేశాయి.

కాగితం మీద అది ఐదేళ్ళ కంట్రాక్టు. గడువు తీరితే తిరుగు ప్రయాణం ఉచితం. ఆఫ్రికా కొన చుట్టి వెళ్ళే ఓడలో మూడు నెలల దారి. తోటలో బానిసలు ఖాళీ చేసిన గుడిసెలే నివాసం, జేబులో ఎప్పుడూ ఉండాల్సిన పనిపుస్తకం, అది లేకుండా దారిన పడితే దేశదిమ్మరి కింద అరెస్టు. పని మానిన రోజులను కలిపి కంట్రాక్టు పొడిగించేవారు. రోగాలు, ఆకలి, కొత్త వాతావరణం వేలమందిని మింగేశాయి. వెళ్ళిన వాళ్ళలో తిరిగి భారత తీరం చూసిన వాళ్ళు నాలుగో వంతు కూడా లేరు. ఫిర్యాదులు పెరిగి 1888లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ వలసను ఆపేసింది. అంతకు నలభై ఏళ్ళ క్రితమే బానిసత్వం రద్దయిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. ఆ తోటల్లో నడుం వంచిన వాళ్ళకు తేడా ఎంత తెలిసి ఉంటుంది?

మిగిలిపోయిన వాళ్ళు ఎక్కువగా బాస్-తెర్ తూర్పు తీరంలోని కాపెస్టెర్-బెల్-ఓ, గ్రాండ్-తెర్ వైపు ల మూల్, సేన్-ఫ్రాన్స్వా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. కాపెస్టెర్‌లోని షాంజీ దగ్గర రోడ్డు పక్కనే రంగురంగుల గోపురంతో హిందూ ఆలయం ఉంది. మారియమ్మ అక్కడ ‘మాలియెమిన్’ అయింది, మధురవీరుడు ‘మాల్దెవిలిన్’ అయ్యాడు. అమ్మవారికి మేక బలి, డప్పు, పూనకం అన్నీ ఉన్నాయి. భాష పోయింది, బోనం వంటి మొక్కు మిగిలింది. ధనియాలు, జీలకర్ర, పసుపు, ఆవాలు నూరిన మసాలాతో చేసే ‘కొలంబో’ కూర ఈనాడు అక్కడ ఆఫ్రికా సంతతి ఇళ్ళలోనూ పండగ వంట.

వంట మాట వచ్చింది కాబట్టి పటాన్‌చెరుకు సంబంధించిన ఒక సంగతి. గ్వాడెలూప్ క్రిస్మస్ భోజనంలో తప్పనిసరిగా ఉండేది కంది. పచ్చి కందులను పంది మాంసం, అన్నంతో కలిపి తింటారు. మన నేలలో పుట్టిన ఈ పంట ముందు తూర్పు ఆఫ్రికాకు, అక్కడి నుంచి బానిస ఓడల కాలంలో కరీబియన్‌కు పాకింది. అంటే భారతీయ కూలీ ఆ రేవులో దిగేసరికి కంది అతనికంటే ముందే అక్కడ ఉంది. 1972లో పటాన్‌చెరులో స్థాపించిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన భాండాగారంలో ఇప్పుడు లోకం నలుమూలల నుంచి సేకరించిన 13 వేలకు పైగా కంది నమూనాలు భద్రంగా ఉన్నాయి.

దీవిలో పుట్టిన భారతీయ సంతతి పిల్లలు ఏ దేశ పౌరులు? ఫ్రెంచి ప్రభుత్వం వాళ్ళను బ్రిటిష్ ప్రజలుగా చూసేది, బ్రిటన్‌కు వాళ్ళ పట్ల బాధ్యత లేదు. కాపెస్టెర్‌లో 1863లో పుట్టిన హెన్రీ సిదంబరం ఈ ప్రశ్న పట్టుకుని 1904లో కోర్టుకెక్కాడు. భారతీయుల పిల్లల పేర్లు ఓటర్ల జాబితాలో చేర్చాలన్నది ఆయన వాదన. పంతొమ్మిదేళ్ళు వాదించాడు. 1923లో పారిస్ ప్రభుత్వం దిగివచ్చి వాళ్ళ పౌరసత్వాన్ని గుర్తించింది. ఆయన 1952 దాకా బతికి, ఆ ఓట్ల ఫలితం కళ్ళారా చూశాడు. భారతీయ సంతతికే చెందిన ఎర్నెస్ట్ మూతూసామి అనే రచయిత 1981 నుంచి 2002 దాకా గ్వాడెలూప్ తరఫున ఫ్రెంచి పార్లమెంటులో కూర్చున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒకే ఫ్రెంచి జెండా కింద ఉన్న రెండు చోట్ల చరిత్ర రెండు దారులు పట్టింది. యానాం దడాల రఫేల్ రమణయ్య వంటి వాళ్ళ నాయకత్వంలో 1954 జూన్‌లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. గ్వాడెలూప్ దానికి ఎనిమిదేళ్ళ ముందు, 1946 మార్చి 19న, ఫ్రాన్సులో ఒక జిల్లాగా కలిసింది. ఆ చట్టాన్ని పార్లమెంటులో ముందుకు నడిపింది మార్టినిక్ కవి ఎమే సెజేర్. వలస ప్రజలు కాదు, సమాన పౌరులు కావాలన్నది ఆనాటి ఆశ. ఆ సమానత్వం తీరికగా వచ్చింది. ఫ్రాన్సులో ఉన్న కనీస వేతనం దీవికి అదే స్థాయిలో అందింది 1996లో. అంటే యాభై ఏళ్ళకు.

మధ్యలో రక్తం పారింది. 1952 ఫిబ్రవరి 14న ల మూల్‌లో చెరుకు కూలీల సమ్మె మీద కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. 1967 మే నెలలో పోయింతాపిత్ర్‌లో భవన నిర్మాణ కార్మికులు జీతం పెంచమన్నందుకు పోలీసులు కాల్చారు. అధికారిక లెక్క ఎనిమిది మంది. 1985లో ఒక ఫ్రెంచి మంత్రే 87 మంది అన్నాడు. అదే కాలంలో, 1963 నుంచి 1981 దాకా, ప్రభుత్వమే ఒక సంస్థ పెట్టి దీవుల యువతను ఫ్రాన్సుకు తరలించింది. ఆస్పత్రుల్లో, పోస్టాఫీసుల్లో కింది స్థాయి పనుల కోసం. 

యూరప్ బీటు చక్కెర దెబ్బకు చెరుకు తగ్గుతూ వచ్చింది. 1928 నాటి పెను తుపాను తర్వాత అరటి విస్తరించింది. బాస్-తెర్ దక్షిణ భాగం, అంటే కాపెస్టెర్ చుట్టుపక్కల, ఎగుమతి అరటికి నిలయమైంది. అరటికి ప్రధాన శత్రువు దుంపను తొలిచే ముక్కు పురుగు. దాన్ని చంపడానికి వచ్చినదే క్లోర్డెకోన్.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడాలి. ఈ మందు విష స్వభావం చూసి ఫ్రెంచి నిపుణుల సంఘం మొదట అనుమతి నిరాకరించింది. 1972లో తాత్కాలిక అనుమతి వచ్చింది. 1974లో మార్టినిక్ అరటి కూలీలు సమ్మెలో పెట్టిన డిమాండ్లలో ఈ మందు ఆపాలన్నది ఒకటి. ఆ సమ్మెలో ఇద్దరు చనిపోయారు. 1975లో అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు హోప్‌వెల్ పట్టణంలో, దీన్ని తయారు చేసే కర్మాగారంలో కార్మికులకు చేతులు వణకడం, చూపు అదుపు తప్పడం, వీర్యకణాలు తగ్గడం బయటపడింది. అక్కడి ప్రభుత్వం కర్మాగారం మూయించింది. జేమ్స్ నదిలో చేపల వేట ఏళ్ళ తరబడి నిషేధించింది. ఇంత జరిగాక, 1979, 1980 తుపానుల తర్వాత పురుగు పెరిగిందని 1981లో ఫ్రాన్స్ మళ్ళీ అనుమతించింది. మందును ఈసారి బ్రెజిల్‌లో తయారు చేయించారు. 1990లో ఫ్రాన్స్ నిషేధించింది. దీవుల అరటి తోటలకు మాత్రం 1993 దాకా సడలింపు ఇచ్చింది.

అన్నీ తెలిసి ఇచ్చిన మూడేళ్ళ సడలింపు అది. ఎవరి పొలాల కోసం, ఎవరి ఒంటి మీద?

గ్వాడెలూప్, మార్టినిక్ రెండు దీవుల్లో కలిపి దాదాపు 300 టన్నులు చల్లారు. అగ్నిపర్వతపు బంకమట్టి ఆ రసాయనాన్ని గట్టిగా పట్టుకుంటుంది. వానకు కొద్దికొద్దిగా జారి ఊటల్లోకి, వాగుల్లోకి, తీరపు రొయ్యలు, చేపల్లోకి చేరుతుంది. 1999 ప్రాంతంలో తాగునీటిలో కనబడేసరికి నీటి కేంద్రాల్లో బొగ్గు వడపోతలు పెట్టారు. తీరంలో కొన్ని చోట్ల చేపల వేట నిషేధించారు, దాంతో జాలర్ల బతుకు చెడింది. 2018లో వెలువడిన సర్వే ప్రకారం రెండు దీవుల్లోని పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా రక్తంలో ఈ మందు ఉంది. దీనికీ ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 2010లో గ్వాడెలూప్ రోగుల మీద జరిగిన అధ్యయనం చూపింది. 2021 డిసెంబరులో ఆ క్యాన్సర్‌ను తోట కార్మికుల వృత్తి వ్యాధిగా ఫ్రాన్స్ గుర్తించింది.

న్యాయస్థానంలో ఏం జరిగింది? 2006లో కేసు పెట్టారు. 2023 జనవరిలో పారిస్ జడ్జీలు ఇది ఆరోగ్య కుంభకోణమేనని ఒప్పుకుంటూనే, కాలం గడిచిపోయింది, ఆనాటి నేరం రుజువు చేయలేమని కేసు మూసేశారు. 2025 మార్చిలో మాత్రం పారిస్ పరిపాలనా అప్పీలు కోర్టు ప్రభుత్వం తప్పు చేసిందని, నష్టం నిరూపించుకున్న వాళ్ళకు పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

1990లో పారిస్ ఆ మందును నిషేధించిన ఏడాదే పటాన్‌చెరు కాలుష్యం కేసు మన సుప్రీంకోర్టు గడప తొక్కింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటి వాళ్ళు రోగుల మధ్య కూర్చుని ఊరూరా జనాన్ని కదిలించిన కాలమది. పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరేవి. ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో వచ్చింది. ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ఫలితం లోకాన్ని ఉలికిపడేలా చేసింది. అందులో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కు మారిన ఆ కేసు 2017లో గానీ కొలిక్కి రాలేదు. ఇరవై ఏడేళ్ళు.

గ్వాడెలూప్ వాసులు పోరాడి సాధించుకున్నవి కొన్ని ఉన్నాయి. మట్టి పరీక్షల ఫలితాలతో ఏ నేల ఎంత కలుషితమో చూపే పటాలు ప్రజలకు అందుబాటులో పెట్టారు. రక్తపరీక్ష ఉచితం. కలుషిత నేలలో మేసిన పశువులను శుభ్రమైన మేతకు మార్చి కొన్ని నెలలు ఉంచితే వాటి ఒంట్లోంచి క్లోర్డెకోన్ దిగిపోతుందని పరిశోధకులు తేల్చారు. మనిషి రక్తంలోనూ తిండి మారితే అది సుమారు ఐదున్నర నెలల్లో సగానికి పడిపోతుంది. నేల బాగుపడటానికి ఎన్ని తరాలు పట్టినా, తినే తిండి ఎక్కడిదో తెలిస్తే ఒళ్ళు బాగుపడే దారి ఉందన్న మాట.

నక్కవాగు వెంట ఉన్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట, చిద్రుప్ప, ఆరుట్ల, ఎగువన కిష్టారెడ్డిపేట, గండిగూడెం, సుల్తాన్‌పూర్ ఊళ్ళలో ఇలాంటి పని పూర్తిగా జరగాలి. సర్వే నంబరు వారీగా మట్టి పరీక్ష, బోరు వారీగా నీటి పరీక్ష, కోరిన ప్రతి మనిషికీ ఉచితంగా రక్తపరీక్ష. ఫలితాలు గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి.